తాడు తెంపొద్దన్నా

అమావాస్య రోజు ధర్మవరంలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు.

సిద్ధమ్మ, ఇంటి పెద్ద, వంటింట్లో ఉంది. ఆమె కోడలు మాధవి మధ్య గదిలో పడుకుని ఉంది, లేదా పడుకుని ఉందని అందరూ అనుకున్నారు. జయరాముడు ఆ ఇంటి రెండో మగ్గం మీద ఏళ్లుగా నేస్తున్న మనిషి. మగ్గాలకు దీపం పెట్టడానికి వచ్చాడు. సాయిప్రసాద్ సిద్ధమ్మ పెద్దల్లుడు. పెనుకొండలో రెండు మరమగ్గాలు నడుపుతున్నాడు. అత్తగారింట్లో భోంచేసి, దీపాల వేళకు ముందే రైలెక్కేశానని పోలీసులకు చెప్పాడు.

ఆ రోజు ఇంట్లో లేనిది మాధవి భర్త, మొదటి మగ్గం మీద నేసే నాగరాజు ఒక్కడే. పట్టు కొనడానికి హిందూపురం పోయాడు.

దీపం పెట్టే వేళకు మగ్గాల గదిలో ఏదో పడిన చప్పుడైంది. సిద్ధమ్మ పరుగెత్తుకుని వెళ్లేసరికి జయరాముడు తల పగిలి నేల మీద ఉన్నాడు. అతని తల మాధవి ఒడిలో ఉంది. మాధవి చేతులనిండా రక్తం. జయరాముడు అనంతపురం ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. నాగరాజు అతని దగ్గరే ఉన్నాడని ఇంట్లో చెప్పారు. మాధవి మాత్రం అడిగిన ప్రతివాళ్లకూ ఒకే మాట చెబుతోంది.

"నేనే కొట్టినా."

ఈ రోజు మధ్యాహ్నం ఆమెను మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతారు. అక్కడ కూడా అదే మాట చెబితే ఇక ఆ మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. హిందూపురంలో నా ఆఫీసుకు వచ్చి నన్ను ఈ కేసులోకి దించింది భర్త కాదు, పుట్టింటివాళ్లు కాదు. అత్త సిద్ధమ్మ.

"నా కోడలు చీమను తొక్కినా పక్కకు జరిగి చూసుకునే మనిషి," అంది ఆమె. "దాని నోటితోనే దాన్ని జైలుకు పంపుతాండారు. నువ్వు వచ్చి దాని మాట విను. ఎవురూ వినలా."

నేను వెళ్లేసరికి ఎస్సై హరీష్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేమిద్దరం ఒకప్పుడు హిందూపురంలో ఒకే కోచింగులో ఎస్సై పరీక్షకు చదివినవాళ్లం. పరేడ్ గ్రౌండులో గట్టిగా అరవలేక నేను బయటికొచ్చేశాను. అతను అరిచి లోపలికి పోయాడు.

"ఏం ఉషారాణీ, డిటెక్టివ్ అయినావంటనే. గొంతు ఏమన్నా పెరిగిందా?"

"అంతే ఉండాది, ఎస్సై గారూ."

"అయితే త్వరగా చూసుకొని పో. భోజనాలు కాగానే బయల్దేరతాం."

"ఆమె చెప్పింది మీరు ఫోనులో రికార్డు చేసినారంట. ఒకసారి చూపిస్తారా?"

చూపించడానికి అతనికేం అభ్యంతరం లేదు. తన కేసు ఎంత గట్టిదో నాకు తెలియాలనే ఉంది అతనికి. మూడు వీడియోలు.

మొదటిది జరిగిన సాయంత్రం మహిళా కానిస్టేబుల్ తీసింది. ఏమిటితో కొట్టినావని ఆమె అడుగుతోంది. మాధవి తడబడకుండా చెబుతోంది. "రాయితో. బయట వాన పడతాండె. నేను నేస్తాండా. మామ వచ్చినాడు. తాడు తెంపొద్దన్నా, అన్నా, తెంపొద్దన్నా అంటి. వినలా. కొట్టినా."

రెండోది స్టేషనులో. గొంతు హరీష్‌ది. "రాయి యాడిదమ్మా? ఆడ పడి ఉండేది కట్టె గదా?" మాధవి వెంటనే తలూపింది. "అవును సార్, కట్టె. తాడు తెంపొద్దన్నా అంటి."

మూడోది నిన్నటిది. "జయరాముడు నిన్ను పిచ్చిదని తిట్టినాడా?" అని హరీష్ అడిగాడు. "తిట్టినాడు," అంది మాధవి. ఎక్కడ నిలబడి తిట్టాడో, ఏ చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పింది. ఆఖరున, ఎవరూ అడగకుండానే, గొంతు తగ్గించి మళ్లీ అదే మాట. "అన్నా, తాడు తెంపొద్దన్నా."

"ఇంగొకసారి పెట్టండి," అన్నాను.

"ఎన్నిసార్లు పెట్టినా అదే చెప్తాది."

"అదే చెప్పడం లేదు గదా. రాయి కట్టె అయింది. ఈ నెలలో ధర్మవరంలో చినుకు పడలా, ఆమెకు వాన పడింది. అమావాస్య నాడు మగ్గం ఆడదు, ఆమె నేస్తాంది. తిట్టిన మాట మీరు చెప్పినంకనే ఆమెకు వచ్చింది."

హరీష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు చెప్పిన అమావాస్యనే నా కేసు. ఈ వీధిలో ఎవర్నైనా అడుగు. ఆ రోజు మగ్గం తుడిచి, కుంకుమ పెట్టి వదిలేస్తారు. గదిలోకి ఎవురూ పోరు. దీపం పెట్టేటోడు ఒకడు పోతాడు. అమావాస్యని మర్చిపోయేటోళ్లు ఒకరు పోతారు. ఇద్దరే. ఒకరు పడినారు. ఇంగ కొట్టింది ఎవురో నేను చెప్పల్లా?"

కథ బాగానే అల్లాడు. వీధి వీధంతా అతనితో ఏకీభవిస్తుంది. అందుకే ఈ ఇంట్లో ఎవరూ ఇంకో మనిషి గురించి ఆలోచించలేదు.

ముందురోజు నేను మాధవికి ఆపరేషన్ చేసిన బెంగళూరు డాక్టరుతో ఫోనులో మాట్లాడాను. ఆమె మెదడు ముందు భాగంలో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి, పగిలింది. తల తెరిచి, ఆ బుడగ మొదట్లో క్లిప్పు వేసి ప్రాణం కాపాడారు. అందరికీ కాదు గానీ, ఆ చోట దెబ్బ తగిలిన కొందరికి తర్వాత ఒక చిక్కు మిగులుతుందట. మాట బాగుంటుంది, నడక బాగుంటుంది, చిన్నప్పటి సంగతులన్నీ ఉంటాయి. పొద్దున ఏం తిన్నారో మాత్రం ఉండదు. ఆ ఖాళీలోకి పాత రోజుల ముక్కలూ, ఎదుటివాళ్లు అందించిన ముక్కలూ వచ్చి కూర్చుంటాయి. అలా జరుగుతున్నట్టు ఆ మనిషికే తెలియదు. నెలలు గడిచేకొద్దీ తగ్గవచ్చు అన్నాడు డాక్టరు.

ఇదంతా హరీష్‌కు చెప్పాను.

"బెంగళూరులో కూచోని డాక్టరు వంద చెప్తాడు. నాకు కళ్లతో చూపించు."

"చూపిస్తా. మీరు మధ్యలో మాట్లాడొద్దు. అంతే."

మధ్య గదిలో మాధవి మంచం మీద కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండవు. ఆపరేషనుకు తీసేసిన జుట్టు మళ్లీ పెరిగి చెవుల దాకా వచ్చింది. పక్కన మహిళా కానిస్టేబుల్, గుమ్మంలో సిద్ధమ్మ. మాధవిని నేను చూడడం అదే మొదటిసారి.

"మాధవీ, పోయిన ఆదివారం మనం బుక్కపట్నం చెరువు కాడ కలిసినాం గదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కాసేపటికి ఆమె ముఖం తేటబడింది. పట్టుకోవడానికి ఏదో దొరికినట్టు నవ్వింది.

"కలిసినాం గదక్కా. నువ్వు చేపలు కొంటివి."

"నేనొక్కదాన్నే ఉంటినా?"

"లేదు. ఈ సారు గూడా ఉండె." వేలు హరీష్ వైపు చూపింది. "బేరమాడె. ఆ యమ్మ ఇయ్యనంటే, పోలీసోళ్లకే ఇయ్యవా అని అరిచె."

కానిస్టేబుల్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అది మాత్రం నిజంగా జరిగినట్టే ఉండాది సార్."

"నా కోడలు పోయిన ఆదివారం వాకిలి దాటలా," అంది సిద్ధమ్మ.

నేను హరీష్ వైపు తిరిగాను. "రాసుకోండి ఎస్సై గారూ. దౌర్జన్యంగా చేపలు అడిగిన కేసు. సాక్షి తానుగా చెప్తాంది, తడబడకుండా. మూడు వీడియోలు తీస్తే మూడింట్లోనూ మీరే ఉంటారు."

హరీష్ నోరు తెరిచాడు. కోచింగు రోజుల నుంచి అతన్ని నేను మాటల్లేకుండా చూడడం అదే మొదలు. లోపల సంతోషం పొంగింది. కానీ మాధవిని చూడగానే అది సగంలో ఆగిపోయింది.

"అయితే మనం చెరువు కాడికి పోలేదా అక్కా?"

"పోలేదమ్మా."

"నాకు చేపల వాసన గూడా గుర్తుండాదే." ఆమె తన అరచేతుల్ని చూసుకుంది. "నేను అబద్ధాలు చెప్తాండానా?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "అబద్ధం చెప్పేవాళ్లకు నిజం తెలిసి ఉంటాది. నేసేటప్పుడు దారం తెగితే నువ్వేం చేస్తావు?"

"అతుకుతా."

"నీ తల గూడా అదే చేస్తాంది. చేతికి ఏ దారం అందితే దాంతో. కానీ ఒక్క దారం మాత్రం ఎవురూ నీ చేతికి ఇయ్యలా. నువ్వే మూడుసార్లూ చెప్పినావు. తాడు తెంపొద్దన్నావు. ఆ తాడు నాకు చూపిస్తావా?"

ఆమె లేచింది. ఎవరినీ దారి అడగలేదు.

మగ్గాల గదిలో కుంకుమ బొట్లు ఇంకా అలాగే ఉన్నాయి. గుమ్మం దాటగానే మాధవి వాటిని చూసి ఆగింది. "ఈ రోజు అమావాస్యా? ఎవురూ చెప్పలేదే." ఆ రోజు కూడా ఎవరూ చెప్పి ఉండరు. రోజూ లాగే మగ్గం దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

హరీష్ మగ్గం మీద పరిచిన పడుగు దారాల వైపు చూశాడు. తాడంటే అతనికి పట్టుదారమే తట్టింది. మాధవి చూపు కిందికి పోలేదు. పైకి పోయింది. పక్కనున్న చెక్క పలక మీద కాలు పెట్టి లేచి, మగ్గం నెత్తిన వేలాడే అట్టల మీద చేయి వేసింది.

చీర మీద పూవు దిగేది ఆ అట్టల వల్లే. ఒక్కో అట్టకు చిల్లులుంటాయి. ఒక్కో అట్ట పూవులో ఒక్కో వరుస. వందల అట్టల్ని వరుస తప్పకుండా తాడుతో కుట్టి దండలా వేలాడదీస్తారు. దించాలంటే మడత పెట్టి దించుతారు, విడదీయాలంటే కుట్టు విప్పుతారు. నేసేవాళ్లెవరూ తాడు తెంపరు. తెంపితే వరుస చెదురుతుంది, ఆ పూవు మళ్లీ కుదరడానికి ప్రాణం పోతుంది.

మాధవి వేళ్లు అట్టల వెంట వెళ్లాయి. కళ్లకంటే ముందు వేళ్లకే తెలిసింది. ఒకచోట ఆగాయి.

"ఈ ముడి ఎవురు ఏసినారు?"

మిగతాదంతా పాత నూలు తాడు. అక్కడ మాత్రం తెగిన రెండు కొసల్ని తెల్ల ప్లాస్టిక్ దారంతో కట్టారు.

"ఇది మన ముడి కాదు. బస్తాలకు ఏసే ముడి ఇది." ఆమె అట్టల్ని ముందుకూ వెనక్కూ తిప్పింది. ఈసారి ఆమె గొంతులో తడబాటు వచ్చింది, నిజమైన తడబాటు. "కొంగు లేదక్కా. చీర ఒంటి అట్టలు ఉండాయి, అంచు ఉండాది. కొంగు అట్టలు పోయినాయి."

హరీష్ ఒక్క అంగలో పలకెక్కి చేయి చాచాడు.

"ముట్టుకోవద్దు," అన్నాను. "ఆ ప్లాస్టిక్ దారం మీద కట్టినోడి వేలిముద్రలు ఉండొచ్చు."

నేను అరవలేదు. కానీ అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ కొంగు యాడిది పెద్దమ్మా?" అని సిద్ధమ్మను అడిగాను.

"నా కోడలే, ఆపరేషనుకు ముందు గీసింది. ఒక్క చీర గూడా దిగలేదు ఇంగా." సిద్ధమ్మ కోడలిని చూస్తూ చెప్పింది. "చెయ్యి నేస్తాది, ఏం తప్పు పోదు. కొత్తది గీయమంటే మాత్రం చాతకాదు. గీత మొదలు పెడ్తాది, యాడికి పోవల్లో తెలీక నిలబడిపోతాది. అదే దాని ఆఖరి కొంగు."

ఎవరు ముందు నేస్తే వాళ్లదే ఆ కొంగు. మరమగ్గం మీదికెక్కితే ఊరంతా అదే చీర. గీసిన మనిషి నాదని చెప్పినా నమ్మేవాళ్లుండరు, మతి లేనిదని పేరు పడింది కాబట్టి.

"ఎస్సై గారూ, ఆ రోజు ఈ గదిలోకి ఎవురూ రారన్నారు. దొంగతనానికి వచ్చేటోడికి అంతకంటే మంచి రోజు ఉంటాదా? ఈ వీధిలో మగ్గాల గది మనుషుల్లేకుండా ఉండేది అమావాస్య ఒక్కనాడే. వచ్చినాడు, తాడు తెంపుతాండాడు. మాధవి చూసి వద్దని బతిమాలింది. వినకుండా తెంపి, తెలీకుండా ఉండేదానికి కొసలు కట్టినాడు. అంతలో దీపంతో జయరాముడు వచ్చినాడు. ఈమె చెప్పేది ఎవురూ నమ్మరని వానికి తెలుసు. జయరాముడు చెప్తే నమ్ముతారు. అందుకే దెబ్బ ఆయనకు పడింది."

"వాడంటే ఎవురు?"

"పెద్దమ్మా, మీ కోడలు జయరాముణ్ణి ఏమని పిలుస్తాది?"

"మామా అని."

"వీడియోలో గూడా మామ వచ్చినాడనే చెప్పింది. మరి తెంపొద్దని బతిమాలింది 'అన్నా' అని. ఈ ఇంటికి వచ్చేవాళ్లలో ఆమె అన్నా అనేది ఎవర్ని?"

సిద్ధమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆడబిడ్డ మొగుడు అన్న వరస అవుతాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"నా పెద్దల్లుణ్ణి, సాయిప్రసాద్‌ను," అంది. "ఇంగెవర్నీ కాదు."

హరీష్ పలక దిగాడు. ఫోను తీశాడు. ఈసారి వీడియో కోసం కాదు. "సార్, ఈ రోజు మేజిస్ట్రేటు కాడికి రావడం లేదు. కేసు మారింది," అన్నాడు. ఫోను పెట్టేసి కానిస్టేబుల్‌ను పిలిచాడు. "నువ్వు ఈడనే ఉండు. ఇప్పటి నుంచి కాపలా ఈమె మీద కాదు, ఈమెకు."

చెప్పి నా వైపు చూడకుండానే అన్నాడు. "ఆ చేపల సంగతి ఇంగెవరికీ చెప్పొద్దు ఉషా."

"చూద్దాం లెండి."

మాధవి నా చేయి పట్టుకుంది. "మామను నేను కొట్టలేదా?"

"లేదు. ఒళ్లో పెట్టుకున్నావు."

ఆమె కళ్లు నిండాయి. ఇన్ని రోజులుగా ఆ దెబ్బ తన చేతిదేనని మోసుకుని తిరిగింది ఆమె. "ఇంగొకసారి చెప్పక్కా. మర్చిపోతా."

మళ్లీ చెప్పాను. మూడోసారి నాకంటే ముందు సిద్ధమ్మే చెప్పింది. "నువ్వు కొట్టలేదమ్మా. దినమూ పొద్దున్నే చెప్తాలే నీకు."

నాకు ఇంతకంటే పెద్ద గెలుపు ఏ కేసులోనూ రాలేదు. అక్కడితో ఆగి హిందూపురం పోయి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేదాన్ని. కానీ ఒక ముల్లు మిగిలింది. వరండాలోకి వచ్చాక హరీష్‌కు చెప్పాను.

"తెంపిన చెయ్యి నేసేవాళ్లది కాదు. అయితే అన్ని వందల అట్టల్లో కొంగు యాడ మొదలై యాడ అయిపోతుందో చూడగానే తెలీదు. సరిగ్గా ఆడనే తెంపినాడు. ఎవురో చెప్పి పంపినారు. చెప్పిన నోరు మాత్రం నేసేవాళ్లదే."

"ఆ సంగతి ఎంతమందికి తెలుసు?"

"ఈ ఇంట్లో నేసేవాళ్లకే. మాధవికి, జయరాముడికి..." అంటూ ఆగిపోయాను. సిద్ధమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మూడో పేరు ఆమె నా ముఖంలోనే చదివేసింది.

"పోయి చూడు," అంది. "ఎవురైనా కానీ."

"జీపు అనంతపురం పోయింది, వచ్చినంక పెనుకొండకు అందరం పోదాం," అన్నాడు హరీష్. "నువ్వు పోలీసు కాదు. ముందు పోవద్దు."

"అట్టలు కాల్చేదానికి అగ్గిపుల్ల చాలు, ఎస్సై గారూ. పోలీసును కాదు కాబట్టి నాకు జీపు గూడా అక్కర్లేదు."

హిందూపురం వైపు పోయే ప్యాసింజరు దొరికింది. పెనుకొండలో దిగేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. స్టేషను బయట నుంచే హరీష్‌కు ఫోను చేశాను. జీపు ధర్మవరం దాటింది, ఎక్కువసేపు పట్టదు, వస్తాండా, నువ్వు వీధి చివర నిలబడు అన్నాడు. సరే అన్నాను. నిలబడలేదు.

సాయిప్రసాద్ ఇంటి వెనక షెడ్డులో మరమగ్గం ఆడుతోంది. వీధిలోకే వినిపిస్తోంది. తలుపు తట్టాను. మగ్గం ఆగింది. లోపల ఇద్దరు మగవాళ్లు ఏదో గుసగుసలాడారు. చెప్పుల్లేని అడుగులు దగ్గరికొచ్చాయి.

తలుపు జానెడు తెరుచుకుంది. తెరిచింది సాయిప్రసాద్ కాదు. ఆ మనిషిని పొద్దున్నే చూశాను, సిద్ధమ్మ ఇంటి గోడ మీద, పెళ్లి ఫోటోలో, మాధవి పక్కన. అనంతపురం ఆస్పత్రిలో జయరాముడి దగ్గర ఉన్నాడని అందరూ నమ్మిన నాగరాజు. బనియను మీద పట్టు పోగులు అతుక్కుని ఉన్నాయి.

"ఎవురు కావల్ల?"

"ధర్మవరం నుంచి వస్తాండా. మీ అమ్మ పంపింది. మాధవి ఇంట్లోనే ఉండాది. మేజిస్ట్రేటు కాడికి పంపలేదు."

జయరాముడు ఎలా ఉన్నాడని అతను అడగలేదు. పెళ్లాన్ని ఎందుకు వదిలారని అడగలేదు. గొంతు తగ్గించి, వెనక ఉన్నవాడికి వినపడకుండా, ఒక్కటే అడిగాడు.

"దానికి గుర్తొచ్చెనా?"

"వచ్చింది," అన్నాను. నా గొంతు అంత స్పష్టంగా వినిపించడం నాకే కొత్త.

నాగరాజు నా ముఖం మీద తలుపు వేసేశాడు.